బోనస్‌లో సగం

మా అత్తకు డబ్బు దాచడమూ వచ్చు, ఖర్చు పెట్టడమూ వచ్చు. రెండూ సమంగా వచ్చిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నాకు దాచడం ఒక్కటే వచ్చు. మా ఆయనకు ఖర్చు పెట్టడం ఒక్కటే వచ్చు. ఇట్లాంటి ఇద్దరి మధ్య ఆమె ఇన్నేళ్ళు ఇంటిని ఎట్లా నడుపుకొచ్చిందో తలుచుకుంటే, మా పోట్లాటలన్నీ పక్కన పెట్టి ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆమె ఎదురుగా మాత్రం పెట్టను. పెడితే నెత్తికెక్కి కూర్చుంటుంది.

మాది వడమాలపేట పక్కన చిన్న పల్లె. మా ఆయన టైల్స్ పరిచే పనికి రోజూ తిరుపతి పోయి వస్తాడు. నేను రైకలు కుడతాను. మొన్న మొన్నటిదాకా మా వసారాలోనే మిషను వేసుకొని కుట్టేదాన్ని. అత్తకు రెండు ఆవులు. తెల్లారకముందే పాలు పిండి, క్యాను పట్టుకొని పాలకేంద్రానికి పోతుంది. పదిహేను రోజులకొకసారి పాలబిల్లు ఆమె ఖాతాలో పడుతుంది. ఉప్పూ పప్పూ, ఆవుల దాణా, కరెంటు బిల్లు, మా అమ్మాయి బడి ఆటో అన్నీ ఆ డబ్బు మీదే నడుస్తాయి. అందులో ఆమె పైసా జారనివ్వదు. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడుతుంది, బేరం తెగకపోతే కొత్తిమీర లేకుండానే చారు పెడుతుంది. అంతటి మనిషి, సంవత్సరానికొకసారి డెయిరీవాళ్ళు బోనస్ వేసేసరికి మాత్రం వేరే మనిషైపోతుంది.

బోనస్ పడిందని ఫోనులో మెసేజీ రాగానే తలకు పోసుకొని, మంచి చీర కట్టుకొని, బస్సెక్కి బ్యాంకుకు పోతుంది. అందులో సగం ఇంకో ఖాతాలో వేయిస్తుంది. వాటిని ‘ఆవు దుడ్లు’ అంటుంది. మిగిలిన సగం నోట్లుగా ఇంటికి తెస్తుంది. అవి ‘ఆశ దుడ్లు’. ఆశ దుడ్లు నెల తిరగకముందే అయిపోవాలి. వాటితో బియ్యం కొనకూడదు, ఫీజు కట్టకూడదు, మందులు తేకూడదు. ఇంట్లో ఒక్కో సంవత్సరం ఒక్కొక్కరి వంతు. వంతు వచ్చిన మనిషి తన ఆశేమిటో చెప్పాలి. అది లేకపోయినా హాయిగా బతకగలిగేదై ఉండాలి. ఆమె పెట్టిన షరతు అదొక్కటే.

మా ఆయన తన వంతు వచ్చినప్పుడు, తిరుపతిలో పెద్ద హోటలుకు పోయి ధరలు చూడకుండా తినాలన్నాడు. అందరం పోయాం. మెనూలో కుడిపక్క అంకెల మీద అరచెయ్యి మూసిపెట్టి, రాజాలాగా ఒక్కొక్కటే చెప్పాడు. నేను ఆ చేతి కిందికి తొంగి చూసి, ఆకలి చచ్చిపోయి, రొట్టె ముక్క నములుతూ కూర్చున్నాను. అత్త మాత్రం బిరియానీ తిని, ఐస్‌క్రీం తిని, వక్కపొడి కూడా అడిగి వేయించుకుంది. ఇంకోసారి మా అమ్మాయి రంగు చేపల తొట్టి అడిగింది. చేపలు వారానికొకటి చొప్పున చచ్చాయి. తొట్టి కడిగి అటక మీద పెడుతూ, దుడ్లన్నీ నీళ్ళలో పోసినట్టయింది చూడమని అత్తను దెప్పాను.

“బిడ్డ దాని ముందర కూసోని యెంత నవ్వేదో నువ్వు సూళ్ళేదా మే?” అంది.

“నవ్వడానికి అంత దుడ్లు పెట్టల్లా అత్తా?”

“యేడిస్తే ఆస్పత్రికి పెడతాం గదా. నవ్వితే పెట్టగూడదా?”

ఆ నోటి ముందు నేను ఎక్కడ నిలుస్తాను!

నా వంతు వచ్చినప్పుడల్లా నేను ఒకే మాట చెప్పేదాన్ని. “ఆ దుడ్లు నా అంగడికి కలిపేయి అత్తా.” నాకు రోడ్డు మీద ఒక గది బాడుగకు తీసుకొని, బోర్డు పెట్టుకొని, అంగడి నడపాలని కోరిక. వసారాలో కుడితే పల్లెవాళ్ళు తప్ప ఎవరూ రారు. వచ్చినవాళ్ళు కూడా ఇంటికాడే కుడతావు కదా అని కూలి తగ్గిస్తారు. అడ్వాన్సు కోసం చీరకు ఫాల్ కుట్టిన చిల్లర కూడా దాచేదాన్ని. అయినా అత్త ఒప్పుకొనేది కాదు.

“అంగడి నీకు అవసరం. నేనడిగింది ఆశ.”

“నాకు ఉండేది అదొక్కటే ఆశ.”

“కాదు మే. అంగడి మాటెత్తితే నీ మొగం ముడుసుకపోతాది. ఆశ సెప్పేటప్పుడు మొగం అట్లుండదు.” అలా అని నా వంతును ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ సగం సగం పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. మామ బతికున్న రోజుల్లో వీళ్ళకు మామిడితోట ఉండేది. కాయకు ధర పలికిన సంవత్సరం చేతిలో నాలుగు డబ్బులు మిగిలేవి. మామ వాటిని ఎవరినీ తాకనిచ్చేవాడు కాడట. అత్త గాజులడిగినా, పుత్తూరులో సినిమా అడిగినా, “బోర్లో నీళ్ళు పడనీ, అప్పుడు సూద్దాం” అనేవాడట. దాచి దాచి ఒక్కసారిగా బోరు బండిని పిలిపించేవాడు. నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేచేది. మళ్ళీ దాచేవాడు, మళ్ళీ పిలిపించేవాడు. మా చుట్టుపక్కల ఇట్లా బోర్లలో కలిసిపోయిన సంసారాలు చాలానే ఉన్నాయి. చివరికి తోట పోయింది, ఆయనా పోయాడు. “మీ మామ మంచోడే పాపా. తాగినోడు గాదు, జూదమాడినోడు గాదు. నాతో ఒక్క సినిమా సూళ్ళేదు, అంతే” అని అత్త ఆ కథ ముగిస్తుంది. ఆ తర్వాతే ఆమె ఆవుల్ని పెట్టుకుంది, మొదటి బోనస్‌నే రెండుగా విడగొట్టింది.

ఆవు దుడ్ల జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాలిచ్చే ఆవు ఒకటి పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. అత్త పొద్దంతా దాని పక్కన కూర్చొని ఏడ్చింది. ఆ వారం సంతకే పోయి ఇంకో పాలావును తోలుకొచ్చింది. ఒకరి గడప తొక్కలేదు, వడ్డీకి తేలేదు. ఆరోజు ఆమెను చూసి, నాకు తగిన అత్తే దొరికిందని మురిసిపోయాను. రెండో సగం సంగతి నాకు అప్పటికి తెలియదు.

అసలు గొడవ కిందటేడు వచ్చింది. బస్టాపు ఎదురుగా ఒక గది ఖాళీ అయింది. బస్సు దిగిన ఆడమనిషి కళ్ళు పైకెత్తితే చాలు, ఎదురుగా నా బోర్డే కనపడేది. అట్లాంటి జాగా. గది యజమాని నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. నేను దాచింది కలుపుకుంటే ఇంకా కొంత తక్కువ పడింది. సరిగ్గా ఆ వారమే అత్తకు బోనస్ పడింది. దేవుడే పంపించాడనుకున్నాను. పరుగెత్తుకుంటూ ఆవుల కొట్టానికి పోయాను. ఆమె దాణా కలుపుతూ ఉంది.

“అత్తా, ఈసారి ఆశ దుడ్లు నాకియ్యి. గది పోతుంది.”

“ఈసారి వంతు నాది గదా.”

“అయితే ఆవు దుడ్లయినా ఇయ్యి. ఏడాది లోపల కట్టేస్తా.”

“ఈ నడమ ఆవుకు యేమన్నా అయితే పాలబిల్లు యాడనుంచి వస్తాది? నీ అంగడి బాడుగ గూడా అప్పుడు ఆ బిల్లులోనే గదా కట్టల్ల.”

ఆ మాట నిజమే అయినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది. “సరే, నీ ఆశేందో సెప్పు, వింటాను” అన్నాను.

ఆమె చేతులు కడుక్కొని నా పక్కకు వచ్చింది. “మా పాలకేంద్రం ఆడోళ్ళకంతా జాతరకు కొత్త రైకలు కుట్టించల్ల. నువ్వే కుట్టల్ల. కూలి ఊరికెంతో మాకూ అంతే, తగ్గించబాక.”

నేను మనసులో గబగబా లెక్క వేశాను. గుడ్డకూ లైనింగుకూ పోగా, కూలి మొత్తం కలిపినా నా లోటు పూడదు. “ఇంటి కోడలి అంగడి కంటే ఊరోళ్ళ రైకలు ఎక్కువైపోయినాయా నీకు?” అని అరిచాను. ఆవు బెదిరి తల ఎత్తింది.

అత్త అరవలేదు. “వాళ్ళతో కలిసి ఇన్నేండ్లు సీకట్లో నడిసి పాలు పోసినా. ఒకరిమీద గూడా సరైన రైక సూళ్ళేదు. మాతో పాలు పోసే ముసిలామెకు వయసైపాయె, వచ్చే జాతరకు ఉంటాదో లేదో. నీ అంగడి ఈ యేడు కాకుంటే వచ్చే యేడు” అంది. ఆ ముసలామె ఇప్పటికీ గట్టిగానే ఉంది, రోజూ నడిచొచ్చి పాలు పోస్తుంది. అది వేరే సంగతి.

గుడ్డ కొనడానికి తిరుపతి పోయినప్పుడు అంగట్లో ఇంకో రగడ. ఒకే రంగు తాను కొంటే ధర తగ్గుతుందని నేను. “వాళ్ళేమన్నా బడి పిలకాయలా, యూనిఫారం యేసేదానికి?” అని ఆమె. ఎవరికి ఏ రంగు కావాలో ముందే అందర్నీ అడిగి పెట్టుకుంది. ఒకామెకు చిలకపచ్చ, ఒకామెకు వంకాయ రంగు, ముసలామెకు ఎర్రంచున్న పసుపు. అన్నీ తడుముకోకుండా చెప్పి చింపించింది. బేరం మాత్రం వదల్లేదు. అంగడాయన చివరికి నీళ్ళు తెప్పించుకొని తాగాడు.

రైక కుట్టాలంటే మాకు ఆది కావాలి. అంటే, సరిగ్గా సరిపోయే పాత రైక ఒకటి తెచ్చిస్తే, దాన్ని పరిచి కొత్తది కత్తిరిస్తాం. అందర్నీ ఆది పంపించమన్నాను. పంపించారు. వాటి ప్రకారం మొదటి రైక కత్తిరించి కుట్టి, చిలకపచ్చ రంగు ఆమెకు తొడిగి చూశాను. భుజాలు జారిపోతున్నాయి, చంకలో పట్టేస్తోంది. నా చెయ్యి తప్పదే అని తల పట్టుకున్నాను.

“ఈ ఆది నీదేనా?” అని అడిగాను.

“నాది కాదక్కా. నేను అంట్లు తోమే ఇంట్లో అమ్మది. ఆమె ఇచ్చిందే నేను యేసుకుంటా” అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మిగతా ఆదులు తీసి ఒక్కొక్కటే చూశాను. ఒకటి అక్కది. ఒకటి చచ్చిపోయిన అత్తది. ఒకటి ఎవరో పట్నం నుంచి మూటలో పంపిన పాతబట్టల్లోది. ముసలామె పంపింది ఎవరిదో ఆమెకే గుర్తులేదు. వాళ్ళు వేసుకున్నది ఏదీ వాళ్ళ కోసం కుట్టింది కాదు. ఇంతకాలం వసారాలో కూర్చొని రైకలు కుట్టాను, వీళ్ళందరూ మా ఇంటి ముందు నుంచే రోజూ పోయేవాళ్ళు. నాకు మనసు పిండేసినట్టయింది.

మరునాడు తెల్లవారుజామున టేపు మెడలో వేసుకొని అత్త వెంట పాలకేంద్రానికి పోయాను. క్యాన్లు వరుసలో పెట్టి ఒక్కొక్కరే గోడ పక్కకు వచ్చి నిలబడ్డారు. ఒకామె చక్కిలిగింతలని గంతులేసింది. ఇంకొకామె ఊపిరి బిగబట్టి నిలబడింది, వదలమ్మా వదులు, లేకపోతే రైక బిగుసుకుపోతుంది అంటే అందరూ నవ్వారు. ముసలామె మాత్రం కళ్ళు మూసుకొని, నేను టేపు తీసేశాక కూడా చేతులు చాచే ఉంది. “అయిపోయిందవ్వా” అన్నాను. “అప్పుడేనా?” అంది. అత్త పాలు పోసి వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నన్నే చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో ఉన్న సంతోషం చూస్తే, ఈ దుడ్లు ఆమె ఎందుకు దాచుకోలేదో మెల్లగా అర్థమవుతూ వచ్చింది. అర్థమైనా నా కోపం పోలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నెలాఖరు వచ్చింది. గది పోయింది. సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన తీసుకున్నాడు. ప్రారంభం రోజున రోడ్డంతా వినపడేలా పాటలు పెట్టాడు. నేను వంకాయ రంగు రైకకు హుక్స్ కుడుతూ ఆ పాటలన్నీ విన్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ వారమంతా అత్తకు అన్నం పెట్టాను కానీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు. రోజూ రాత్రి నా మిషను పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి పోయేది. రైకలన్నీ అయ్యాక, కూలి మొత్తం లెక్కగా నా చేతిలో పెట్టింది. తీసుకోనన్నాను. “పని సేసినావు, తీసుకో. నీకు ఊరికే ఇయ్యలేదు గదా” అని మిషను మీద పెట్టి వెళ్ళిపోయింది.

జాతర రోజు వాళ్ళంతా నెత్తిన అంబలి కుండలు పెట్టుకొని అమ్మవారి గుడికి బయలుదేరారు. జాతరలు చేయని ఒకామె తన రైక ఆ ఆదివారం చర్చికి వేసుకుపోతానని ముందే చెప్పింది, అయినా వీళ్ళని చూడటానికి రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. ఎవరి రంగు వాళ్ళది. రోజూ కొంగు భుజాల మీదుగా కప్పుకొని వంగి నడిచేవాళ్ళు, ఆ రోజు కొంగు బొడ్డులో దోపి నిటారుగా నడిచారు. నా కుట్టు ఎక్కడా ముడత పడలేదు. నేను కుట్టిన వాటిని అంతమంది ఒంటి మీద ఒకేసారి చూడటం నాకు అదే మొదలు. మా అత్త వాళ్ళ మధ్యలో పాత రైకతోనే నడుస్తోంది. తనకు గుడ్డ చింపించుకోవడం మరిచిపోయిందట. మహాతల్లి!

ఆ రైకలు చూసి పక్క పల్లెల ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. పుత్తూరు నుంచి కూడా వచ్చారు. ఆ కూలీ ఈ కూలీ చేరి ఆర్నెల్లలో గది దొరికింది. బస్టాపు ఎదురుగా కాదు, సందులో. ఆ మొదటి గదే బాగుండేదని నేను ఇప్పటికీ అంటాను, అత్త ఇప్పటికీ విననట్టు ఉంటుంది. ఏదైతేనేం, బోర్డు పెట్టుకున్నాను. ఈ పెళ్ళిళ్ళ సీజను అయ్యాక, బాడుగా కరెంటూ పోగా మొదటిసారి నా చేతిలో పైడబ్బు మిగిలింది. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనాలని మొత్తం తీసి పక్కన పెట్టాను.

అత్తకు ఎట్లా తెలిసిందో తెలిసింది. మధ్యాహ్నం అంగడికి వచ్చి స్టూలు లాక్కొని కూర్చుంది.

“సగం మిషనుకు దాసిపెట్టుకో. రెండో సగం ఆశకు. సెప్పు, నీకేం గావల్ల?”

నాకు నవ్వొచ్చింది. ఏదో ఒకటి చెప్పేద్దామనుకున్నాను. చీరా? ఉన్నాయి. గాజులా? మిషను తొక్కే చేతికి అడ్డం. ఊరు పోవడమా? ఎక్కడికి? ఎంత వెతికినా ఏమీ తట్టలేదు. అంగడి అంగడి అని ఇన్నేళ్ళూ జపం చేసిన మనిషికి, ఆ అంగడి వచ్చాక లోపల ఇంకేమీ మిగల్లేదు. భయం వేసింది. ఉత్త భయం. మామ కథ గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అత్తా, నాకేం కావాలో నాకే తెలియడం లేదు” అన్నాను.

ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. నా తల నిమిరి, “నెలుండాది గదా పాపా, నిదానంగా యెతుక్కో” అని లేచి, పాలవేళ అవుతోందని వెళ్ళిపోయింది.

చాలా రోజులు వెతుక్కున్నాను. ఒకరోజు అంగడికి వచ్చిన పెళ్ళికూతురు అద్దం ముందు నిలబడి తన రైక ముందూ వెనకా చూసుకుంటూ మురిసిపోతోంది. ఆమె భుజం మీద పిన్ను పెడుతూ ఉంటే, నాకు తెలియకుండానే నా భుజం చూసుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ నేను వేసుకునేవన్నీ నేనే, మిగిలిన ముక్కలతో, నా పాత రైకనే ఆదిగా పెట్టి, పని లేని పూట గబగబా కుట్టుకున్నవే. ఆ సాయంత్రం ఆవుల కొట్టానికి పోయి అత్తకు చెప్పాను. పాలు పిండుతున్న చెయ్యి ఆపి, నా మొహంలోకి చూసింది. “ఇది ఆశే” అంది.

ఆదివారం ఇద్దరం తిరుపతి పోయాం. మంచి పేరున్న లేడీస్ టైలరు అంగడి. ఏసీ, గోడ నిండా అద్దం. కౌంటరులో ఉన్న అమ్మాయి గుడ్డ తీసుకొని, “ఆది తెచ్చినారా మేడం?” అని అడిగింది.

“లేదమ్మా, కొలతలు తీసుకో” అన్నాను.

ఆ అమ్మాయి టేపు విప్పింది. నేను చేతులు చాచి నిలబడ్డాను. అత్త అక్కడున్న కుర్చీలో కూర్చొని, “నిదానంగా తియ్యి పాపా, మాకేం తొందర లేదు” అంది.